బ్రేకు చప్పుడు ఎప్పుడు వస్తోంది?



తిరుత్తణి కొండకు మెట్లదారి ఉన్నా, పిల్లలతో, వృద్ధులతో వచ్చేవారు చాలామంది కారులోనే పైకి వెళతారు. ఎక్కేటప్పుడు శ్రమ ఇంజనుది. దిగేటప్పుడు భారం బ్రేకులది. నిరుడు అలా దిగుతుండగా మా కారు ముందుచక్రం వద్ద సన్నని కీచుధ్వని వినవచ్చింది. బ్రేకు తొక్కగానే ఆగిపోయింది. ఆగింది కదా అని రెండు వారాలు ఊరుకున్నాను.

తరువాత తిరువళ్ళూరులో ఒక షెడ్డుకు వెళ్ళి, ‘సత్తం వస్తోంది’ అని తమిళంలో చెప్పాను. మెకానిక్ చక్రం వంక చూడకుండానే, ‘ఎప్ప వరుదు?’ అని అడిగారు. ఎప్పుడు వస్తోంది? అనువాదమే వృత్తిగా గల నాకు ఆ ప్రశ్నకు తెలుగులో సైతం సరైన జవాబు దొరకలేదు.

వాన కురిసిన మరునాడు డిస్కుపై పలుచని తుప్పు పడుతుంది. మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరలాడి తగ్గిపోతే చింత లేదు. కీచుధ్వని వేరు. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుపరేకు అమర్చి ఉంటుంది. ప్యాడు అరిగినప్పుడు అది డిస్కును తాకి కూస్తుంది. మనను హెచ్చరించడానికే దానిని అక్కడ పెట్టారు. కొన్ని కార్లలో బ్రేకు తొక్కినప్పుడు కూస్తుంది. కొన్నిటిలో, మా కారులో వలె, తొక్కగానే ఆగుతుంది. నన్ను ఏమరిపాటుకు గురిచేసినది అదే.

ఆ కూతను కూడా పెడచెవిని పెడితే ఇనుము ఇనుమును ఒరుసుకుంటుంది. రాతిమీద రాయి ఈడ్చినట్టు గరగర మొదలవుతుంది. అప్పుడిక బండి నడపరాదు. డిస్కు చెడుతుంది, బండి ఆగవలసిన చోట ఆగదు. గతుకులలో టకటకమంటే కాలిపర్ పిన్నులు వదులై ఉండవచ్చు. బ్రేకు వేసినా వేయకున్నా ఒకే తీరున గీరుకుంటుంటే డిస్కు వెనుక రేకులో రాయి చిక్కుకుందేమో చూడమనండి. చప్పుడు పోవడానికి ప్యాడుపై నూనె వేయమనేవారు నేటికీ ఉన్నారు; ప్రాణాల మీదికి తెచ్చే సలహా అది.

షెడ్డులో చెప్పడానికి రెండు తమిళ మాటలు చాలు: ‘బ్రేక్ పోడుంబోదు’, అనగా బ్రేకు వేసేటప్పుడు, ‘ఇరంగుంబోదు’, దిగేటప్పుడు. కొండ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదలకండి. రెండవ గేరులో దిగితే ఇంజనే కొంత పట్టి ఉంచుతుంది.

ఆనాడు మెకానిక్ విప్పి చూపిన ప్యాడులో మిగిలినది అగ్గిపుల్లంత మందం. రెండు ముందుచక్రాలకూ కొత్తవి వేయించాను.