సర్వీసు గీత వెనక



సంక్రాంతి మూడు రోజులూ మా నల్లజర్ల చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో జనం రెండు చోట్ల గుమిగూడతారు. ఒక చోట ఏం జరుగుతుందో రేడియోలో చెప్పకూడదు, మీకూ తెలుసు. రెండో చోట వాలీబాల్. ఎర్రమట్టి నేల మీద సున్నం గీతలు, రెండు సరుగుడు గుంజల మధ్య నెట్టు, చుట్టూ బైకుల మీద కూర్చున్న కుర్రాళ్లు, వెనకాల కుర్చీలేసుకున్న పెద్దవాళ్లు. చూపులన్నీ షూటర్ మీదే. వాడు ఎగిరి షాట్ కొడితే ఈలలు. వెనక గీత దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డవాణ్ణి మాత్రం ఎవరూ పట్టించుకోరు, వాడు బంతిని నెట్టుకు కొడితే తప్ప. అప్పుడు మాత్రం ఊరంతా తిడుతుంది. ఈ పూట ఆ ఒక్కడి గురించే మాట్లాడుకుందాం.

ఈ ఆట 1895లో పుట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో హోలియోక్ అనే ఊరు, అక్కడి వై.ఎం.సి.ఎ.లో వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్. బాస్కెట్‌బాల్ అప్పటికి నాలుగేళ్ల పసిబిడ్డ. కాస్త వయసు మళ్లిన వ్యాపారులకు అందులోని తోపులాట ఎక్కువని, ఒకరినొకరు తగలకుండా ఆడుకునేందుకు మోర్గాన్ ఈ ఆట కల్పించాడు. ‘మింటొనెట్’ అని పేరు పెట్టాడు. నెట్టు ఎత్తు ఆరున్నర అడుగులు. మరుసటి ఏడు దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో ఆడి చూపిస్తే, ఆల్ఫ్రెడ్ హాల్‌స్టెడ్ అనే ఆయన ఆట తీరు చూసి ‘వాలీబాల్’ అన్నాడు. ఆ పేరే నిలిచింది.

ఆ తొలి నిబంధనల్లో సర్వీసుకు దక్కిన స్థానం చూస్తే నవ్వొస్తుంది. మొదటి ప్రయత్నం తప్పితే టెన్నిస్‌లో లాగా రెండో ప్రయత్నం ఇచ్చేవారు. అంటే సర్వీసు వట్టి మర్యాద. పెళ్లి పందిట్లో ‘రండి, కూర్చోండి’ అన్నట్టు, బంతిని అవతలికి పంపి ఆట మొదలుపెట్టే పని. ఆ మర్యాద నూరేళ్లలో ఎలా ఆయుధమైందన్నదే మన కథ.

మన దేశానికి కూడా ఈ ఆట స్ప్రింగ్‌ఫీల్డ్ దారినే వచ్చింది. అక్కడ చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును వెంటపెట్టుకుని వెళ్లింది కూడా ఆయనే. అప్పుడు మన గోదావరి ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అలాంటి కాలేజీల్లో శిక్షణ పొందినవాళ్లు మన హైస్కూళ్లకు వచ్చి డ్రిల్లు మాస్టార్లయ్యారు. ఒక బంతి, ఒక నెట్టు, పన్నెండు మంది పిల్లలు ఉంటే చాలు. ఇంత చవకగా ఇంతమందికి చెమట పట్టించే ఆట మరోటి లేదు. ఆసియాలో చాలాకాలం జట్టుకు తొమ్మిది మంది చొప్పున ఆడారు. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో ఆరుగురి ఆటకీ, తొమ్మిది మంది ఆటకీ విడివిడిగా పోటీలు పెట్టారు. ఆరుగురి ఆటలో మనకు కాంస్యం వచ్చింది. 1962 జకార్తాలో రజతం.

డ్రిల్లు మాస్టారు మొదట నేర్పేది అండర్‌హ్యాండ్. కింది నుంచి పిడికిలితో ఎత్తి కొట్టడం. అది వచ్చాక ‘టెన్నిస్ సర్వీసు’, అంటే చెయ్యి నెత్తి మీది నుంచి తెచ్చి కొట్టే సర్వీసు. ఇక్కడే కుర్రాళ్లందరూ ఒకటే తప్పు చేస్తారు. నేనూ చేశాను. బలమంతా చేతిలోనే ఉందనుకుని జబ్బ బిగించి బాదుతారు. మా మాస్టారు గీత దగ్గర నిలబడి, “చెయ్యి తర్వాత చూసుకుందువు గానీ, ముందు కాలెక్కడ పెట్టావురా?” అనేవారు. అదేమిటో, బంతిని కొట్టేది చెయ్యి, ఈయన కాలు చూస్తాడేమిటని లోపల నవ్వుకునేవాళ్లం.

మీలో ఎద్దుల బండి తోలినవాళ్లుంటే ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. చర్నాకోల కర్రను ఎంత గట్టిగా ఊపినా ‘ఛెళ్లు’మనదు. కర్ర ముందుకు వచ్చి టక్కున ఆగాలి. అప్పుడు ఆ ఊపు తోలులోకి పాకుతుంది, సన్నబడేకొద్దీ వేగం పెరుగుతుంది, చివరి కొసలో పేలుతుంది. సర్వీసూ అంతే. కుడిచేతివాటం వాడైతే ఎడమచేత్తో బంతిని ఎగరేస్తాడు, బరువు కుడికాలి నుంచి ఎడమకాలి మీదికి మారుస్తాడు. ఎడమ పాదం నేలలో పాతుకుని ఆగుతుంది. ఆ ఆగడంతో తుంటి తిరుగుతుంది. తుంటి వేగం తగ్గుతుండగా మొండెం అందుకుంటుంది. మొండెం తిరిగే క్షణానికి మోచెయ్యి ఇంకా చెవి వెనకాలే ఉంటుంది, ముంజెయ్యి దానికంటే వెనక. అప్పుడు ఛాతీ కండ, వీపు పక్కనున్న పెద్ద కండ కలిసి భుజాన్ని ముందుకు తిప్పుతాయి, మోచెయ్యి చాచుకుంటుంది, అన్నిటికంటే ఆఖరున అరచెయ్యి వస్తుంది. టెన్నిస్ సర్వీసును కొలిచినవాళ్లు చేతికి చేరే శక్తిలో సుమారు సగం కాళ్లు, నడుము, మొండెం నుంచే వస్తుందని లెక్క తేల్చారు. మా మాస్టారు ఏ లెక్కా చదవలేదు గానీ ఆయన కాలే చూశారు.

ఇందులో నేలకూ వాటా ఉంది. గట్టిపడిన ఎర్రమట్టి మీద పాదం పాతుకుంటుంది. వదులు ఇసుక మీదా, వాన పడ్డ నల్లరేగడి మీదా పాదం జారుతుంది, జారినంత మేరా ఊపు నేల పాలే. కొల్లేటి వైపు కుర్రాళ్లు మెట్టకు వచ్చి ఆడితే సర్వీసు గీత దాటి పోయేదని మావాళ్లు ఎగతాళి చేసేవారు. అది వాళ్ల తప్పు కాదు. మెత్తటి నేల మీద అలవాటైన కాలు గట్టి నేల మీద ఎక్కువ ఊపు ఇచ్చేస్తుంది.

ఇప్పుడు నెట్టు ఎత్తు చూడండి. మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. అయిదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు నేల మీద నిలబడి చెయ్యి చాస్తే సుమారు 2.2 మీటర్ల వరకే అందుతుంది. అంటే బంతికి చెయ్యి తగిలే చోటు నెట్టు పైఅంచు కంటే తక్కువలోనే ఉంది. నిలబడి చేసే సర్వీసు పైకే పోవాలి, 9 మీటర్లు నడిచి నెట్టు దాటాలి, అవతలి 9 మీటర్లు దాటకముందే దిగిపోవాలి. గట్టిగా కొడితే బయటికి, మెల్లగా కొడితే ఎదుటివాడి చేతిలోకి. ఈ చిక్కుకు రెండు విరుగుళ్లు దొరికాయి.

మొదటిది బంతిని ముందుకు దొర్లేలా తిప్పడం. మణికట్టు విరిచి బంతి పైభాగాన్ని రాసుకుంటూ పోతే, తిరిగే బంతి గాలిని వెనక వైపు పైకి విసురుతుంది, దానికి బదులుగా తాను కిందికి వంగుతుంది. 1852లో బెర్లిన్‌లో మాగ్నస్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూపాడు. ఆయన ఆలోచించింది ఫిరంగి గుండ్ల గురించి.

రెండోది, నాకు ఎక్కువ ఇష్టమైనది, ఫ్లోటింగ్ సర్వీసు. ఇక్కడ బంతి అసలు తిరగకూడదు. టాస్ పొట్టిగా వేస్తారు, మణికట్టు బిగిస్తారు, అరచేతి కింది గట్టి భాగంతో బంతి నడిబొడ్డున కొట్టి చెయ్యి అక్కడే ఆపేస్తారు. బంతి చేతికి తగిలి ఉండేది సుమారు సెకనులో నూరో వంతు. అది వెళ్లిపోయాక చెయ్యి ఆగితేనేం, ఆగకపోతేనేం అని మీరు అడగొచ్చు. బంతికి ఏ తేడా లేదు నిజమే. అయితే ఆపాలనుకున్న చెయ్యి తగిలేటప్పుడే తిన్నగా ఉంటుంది, రాసుకుంటూ పోదు. ఆ అలవాటు కోసమే ఆపమంటారు.

అలా వెళ్లిన బంతి గాలిలో ఊగుతుంది, తూనీగలా అటొకసారి ఇటొకసారి జరుగుతుంది, ఒక్కోసారి ఎదుటివాడి ముందు గబుక్కున రాలుతుంది. దీని కీలకం పారిస్‌లో గోపురం కట్టిన గుస్తావ్ ఐఫెల్ దగ్గర దొరుకుతుంది. ఆయన ముసలితనంలో గాలి సొరంగాలు కట్టి, 1912లో గుండ్రటి వస్తువుల మీద ఒక వింత కనిపెట్టాడు. వేగం ఒక హద్దు దాటగానే గాలి నిరోధం ఉన్నట్టుండి తగ్గిపోతుంది. ఫ్లోటింగ్ సర్వీసు వేగం సరిగ్గా ఆ హద్దు పరిసరాల్లోనే తచ్చాడుతుంది. అందుకే బంతి కాసేపు నిరోధం తక్కువగా జారి, నెమ్మదించగానే పట్టు తగిలినట్టు దిగుతుంది. పైగా తిరగని బంతి వెనక గాలి సుడులు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు విడిపోయి దాన్ని పక్కలకు లాగుతాయి. 260 నుంచి 280 గ్రాముల తేలిక బంతి, ఆ మాత్రం లాగుడు చాలు. 1960లలో జపాన్ వాళ్లు దీన్ని ఆరితేరిన విద్యగా మార్చారు.

తర్వాత బ్రెజిల్ వాళ్లు వచ్చారు. 1980లలో బెర్నార్డ్ అనే ఆటగాడు బంతిని కింది నుంచి ఆకాశానికి కొట్టి నిట్టనిలువునా దింపేవాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ జట్టువాళ్లు గీత వెనక నుంచి పరుగెత్తి, ఎగిరి, షాట్ కొట్టినట్టే సర్వీసు చేసి రజతం పట్టుకెళ్లారు. ఎగిరితే నెట్టు కంటే పైన తగులుతుంది కదా, ఇందాకటి చిక్కు చాలావరకు వీడిపోయింది. ఆ ఒలింపిక్స్ తర్వాత సర్వీసును నెట్టు దగ్గరే బ్లాక్ చేయడం నిషేధించారు. 1990ల నడుమ కుడి మూలలోని మూడు మీటర్ల జాగాకు బదులు వెనక గీత మొత్తం సర్వీసుకు ఇచ్చారు. ఇవాళ పెద్ద ఆటగాళ్ల జంప్ సర్వీసు గంటకు 130 కిలోమీటర్లు దాటుతోంది. వంద దగ్గర వేసినా ఎదుటివాడికి సెకను కూడా మిగలదు. 1998లో పాయింట్ల పద్ధతి మారాక సర్వీసు తప్పితే, మునుపటిలా సర్వీసు చేతులు మారడమే కాదు, పాయింటే పోతుంది. మా పెద్దవాళ్లు ఇప్పటికీ ‘సర్వీస్ చేంజ్’ అని అరుస్తుంటారు, పాయింటు పోయిందన్న ధ్యాసే ఉండదు.

మనవాళ్ల భుజాలు తక్కువేం తినలేదు. ఎం. శ్యాంసుందర్ రావుకు 1974లో అర్జున, ఎ. రమణారావుకు ఆ తర్వాత అర్జున, 1990లో ద్రోణాచార్య. హైదరాబాదు అబ్దుల్ బాసిత్‌కు 1989లో అర్జున. పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆడాడు, 2000లో అర్జున అందుకున్నాడు. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. వాళ్లమ్మాయి, బ్యాడ్మింటన్ ఆడే సింధు మాకు పరాయిది కాదు, ఏలూరు దగ్గర పెదవేగి మండలం రత్నాలకుంటలో రత్నాలమ్మను దర్శించుకోవడానికి వస్తుంటుంది. ఆమె స్మాష్ కొట్టేటప్పుడు బ్యాటు కాదు, నడుము చూడండి. అమ్మానాన్నల ఆటలోని చర్నాకోలే అక్కడ తోలు చివర ఛెళ్లుమంటోంది.

ఆఖరుగా ఆ చెయ్యి ఆపే సంగతికి మళ్లీ వస్తాను. భుజం కీలు లోతు లేని కీలు. మూకుడు మీద పెట్టిన బత్తాయిలాంటిది. దాన్ని జారిపోకుండా నాలుగు చిన్న కండలు చుట్టి పట్టుకుంటాయి. ముందుకు దూసుకొచ్చే చేతికి బ్రేకు వేసేది వాటిలో వెనకున్నవే, సాగుతూనే బిగుసుకుంటాయి. 1985 యూరప్ ఛాంపియన్‌షిప్‌లో ఇటలీ వైద్యులు 96 మంది మేటి ఆటగాళ్లను పరీక్షించారు. 12 మందికి కొట్టే చేతి వైపు రెక్క ఎముక మీద ఒక కండ బలహీనపడి ఉంది. దానికి వెళ్లే సుప్రాస్కాపులర్ నరం దెబ్బతింది. ఫ్లోటింగ్ సర్వీసులో చేతిని టక్కున ఆపడమే అందుకు కారణం కావచ్చని ఆ వైద్యులు రాశారు. విచిత్రమేమంటే ఆ పన్నెండు మందిలో ఒక్కరికీ తమకు లోటు ఉన్నట్టే తెలియదు. హాయిగా ఆడుతూనే ఉన్నారు.

వచ్చే కనుమకు ఊళ్లో పోటీలు చూస్తే, ఆట అయ్యాక చొక్కా విప్పి చెంబుడు నీళ్లు పోసుకునే పాత ఆటగాళ్ల వీపు ఒకసారి గమనించండి. ఎడమ రెక్క మీద కండ నిండుగా ఉంటుంది. కుడి రెక్క మీద, ఎముక గట్టుకు కాస్త కింద, ఒకరిద్దరికి చిన్న పల్లం కనిపించవచ్చు. నీళ్లు అక్కడ ఒక క్షణం ఆగి కిందికి జారతాయి.