బ్యాటరీ గ్రీజుగన్నును వాడుటయు, నింపుటయు
(రైతుల సభయందు చదువదగిన యుపన్యాసము)



పూర్వము బండి యిరుసునకు కందెన వేయని రైతు లేనట్లే, నేడు ట్రాక్టరు, రోటవేటరు, నూర్పిడి యంత్రము గల రైతులలో గ్రీజు పెట్టనివాడు లేడు. చేతితో మీట నొక్కు గన్నునకు మారుగా బ్యాటరీతో నడచు గన్నులును వాడుకలోనికి వచ్చినవి. శ్రమ తగ్గుట నిజమే. కాని నిప్పిలు మట్టితో మూసికొని యున్నచో పాతగన్ను మీట బిగిసి ఆ సంగతి చేతికి తెలియజేయును. బ్యాటరీ గన్ను అట్లు చెప్పదు. వ్రేలు నొక్కియుంచినంతసేపు మోటారు గ్రీజును త్రోయుచునే యుండును. భయమంతయు ఇక్కడనే యున్నది.

18 వోల్టుల గన్నులలో పెక్కింటికి చదరపు అంగుళమునకు 10,000 పౌనుల వరకు ఒత్తిడి కలుగజేయు శక్తి కలదు. ట్రాక్టరు వెనుక చక్రములోని గాలి ఒత్తిడి ఒకటి రెండు పదుల పౌనులు మాత్రమే. మనుష్యుని చర్మమును చీల్చి లోపలికి చొచ్చుటకు సుమారు 100 పౌనులు చాలునని వైద్యులు చెప్పుదురు. కనుక గొట్టమునకు సూదిమొనంత బెజ్జము పడినను, ఆ చోటున చేయి యున్నచో, గ్రీజు వ్రేలిలోనికి దూసికొని పోవును. ఇట్టి గాయములు సాధారణముగా ఎడమచేతి చూపుడువ్రేలికే కలుగుచుండును. కుడిచేత గన్నును, ఎడమచేత గొట్టమును పట్టుకొనుటయే యిందులకు కారణము. అందుచే గొట్టమును వట్టిచేత పట్టుకొనరాదు. దానిపై కాపుచుట్టు గల చోటనే పట్టుకొనవలయును. మందపు తోలు తొడుగు, కంటియద్దములు ధరింపవలయును. తొడుగు ఉన్నదికదా యని కారుచున్న చోటిని చేత మూయబోవుట మాత్రము తగదు. చీలిన గొట్టమునకు పట్టీ చుట్టి వాడుట పిసినారితనమేగాని పొదుపు కాదు. క్రొత్తగొట్టము కొనునపుడు దానిపై వ్రాసిన ఒత్తిడి అంకె గన్ను అంకెకు తక్కువ కాకుండ చూచుకొనవలెను.

పనికి పూనుటకు ముందు ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, పి.టి.ఓ. తిరుగుట పూర్తిగా నిలిచినదాక ఆగవలయును. నిప్పిలును గుడ్డతో శుభ్రముగా తుడువవలయును. లేనిచో దానిపై మట్టి గ్రీజుతోకూడ బేరింగులోనికే పోవును. గ్రీజు లోపలికి పోక ప్రక్కనుండి వచ్చినను, మోటారు మూల్గినట్లు ధ్వని చేసినను వెంటనే మీట విడువవలయును. ఆ నిప్పిలును మార్చుట మేలు. దాని వెల స్వల్పము. సీలు గల బేరింగునకు గ్రీజు ఎక్కువైనచో సీలే ఊడివచ్చును. ఎంత పెట్టవలయునో యంత్రముతో వచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. పని ముగిసిన పిదప కప్లరు నిప్పిలును వదలనిచో బలముగా లాగరాదు. బ్యాటరీ తీసివైచి, ప్రక్కకు వంచి, మెల్లగా విడదీయవలయును.

ఇక నింపుట. మొదటిపని బ్యాటరీని ఊడదీయుట. ఇది చేయక మరేపనియు చేయరాదు. వెనుకనున్న కడ్డీని చివరివరకు లాగి కొక్కెమునకు తగిలింపవలయును. లోపలి స్ప్రింగు బలమైనది గనుక కడ్డీ జారి వెనుకకు కొట్టగలదు. ముఖము దానికి ఎదురుగా నుంచరాదు. తరువాత బ్యారలును తలనుండి మరత్రిప్పి విడదీసి, వట్టి కార్ట్రిడ్జిని తీసివేయవలెను. క్రొత్తదానికి, అనగా వాడుకలోని 400 గ్రాముల దానికి, ప్లాస్టిక్ మూత తీసి ఆ కొన ముందుగా బ్యారలులోనికి దించవలయును. పైకి వచ్చిన రేకు మూతను పిదప లాగివేసి, బ్యారలును తలకు బిగింపవలయును. కడ్డీని చేత గట్టిగా పట్టుకొని కొక్కెము విప్పి, మెల్లగా లోపలికి పోనీయవలయును. గాలి చిక్కుకొని యున్నచో గ్రీజు రాదు. తలపైనున్న గాలిమరను కొంచెము వదలి, గాలి పోయిన తరువాత బిగింపవలయును. పిమ్మట బ్యాటరీ పెట్టి, గుడ్డలోనికి బుడగలు లేని గ్రీజు వచ్చువరకు నడపవలెను. వేర్వేరు జాతుల గ్రీజులను కలుపుట మంచిది కాదు. కొన్ని యొకదానితో నొకటి పొసగక పలుచబడి కారిపోవును.

గ్రీజు చర్మములోనికి చొచ్చిన గాయమును గూర్చి విశేషముగా తెలియవలయును. 1937లో రీస్ అను వైద్యుడు డీజిలు ఇంజనునుండి నూనె చేతిలోనికి చొచ్చిన సంగతిని వైద్యపత్రికలో ప్రకటించెను. నాటినుండి వైద్యులకు ఈ గాయముల వర్తమానము తెలిసియున్నది. పైకి చిన్న చుక్కగా మాత్రమే కనబడును. మొదట నొప్పియు తోచకపోవచ్చును. లోపల గ్రీజు నరముల వెంబడి ప్రాకి, కండను చెరచి, ఆలస్యమైనచో వ్రేలిని తీయించుకొనవలసిన స్థితి కలుగును. గాయమును పిండుటయు, వేడినీళ్ల కాపడమును పనికిరావు. ధనుర్వాతపు సూది వేయించి కట్టుకట్టించుకొని తెల్లవారి చూతమనుకొనరాదు. శస్త్రవైద్యుడు గల పెద్ద ఆసుపత్రికి అదేగడియ పోయి, గ్రీజుగన్నువలన కలిగిన గాయమని స్పష్టముగా చెప్పి, కార్ట్రిడ్జిపై చీటీని చూపవలయును.

గన్నును దాచునపుడును బ్యాటరీ తీసి వేరుగా నుంచవలయును. మేకులు, తాళపుచెవులు గల సంచిలో వేసినచో దాని కొనలు కలిసి వేడెక్కి అంటుకొనగలదు. గడ్డివామి ప్రక్కను, ఎండలోను దానికి చార్జి పెట్టరాదు.