పటము విప్పువానికి బత్తెము



సూరతు నుండి భరూచి వైపు పోవు రైలుమార్గమున కిమ్ అను స్టేషను కలదు. సూరతు ప్రాంతపు మగ్గములను నమ్ముకొని తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములెన్నియో వలస వచ్చినవి. సూరతు నగరపాలక ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకు సైతము చోటు లభించినది. మగ్గము వెంట మనుష్యులు వచ్చిరి. వారి కులపురాణము మాత్రము వెనుక నిలిచిపోయినది. కిమ్ వంటి చిన్న ఊరిలోని కొలదిమంది తెలుగువారు పూనుకొన్నచో ఆ ప్రాచీన ప్రదర్శనమును తమ వాకిట నిలుపుకొనగలరా? నేటి ప్రసంగ విషయమిది.

తెలంగాణములో పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను వినిపించువారు కూనపులివారు. చేర్యాల నకాశీ చిత్రకారులు నూలుగుడ్డకు చింతగింజల గంజియు సుద్దమట్టియు పూసి, దానిపై ఆ కథను బొమ్మలుగా వ్రాయుదురు. ఇట్టి పటములు సుమారు 3 అడుగుల వెడల్పును, 40 అడుగులు మించిన పొడవును కలిగియుండుట కలదు. కథకుడు పటమును అంకమంకముగా విప్పుచు, పాడుచు, వచనముతో వివరించును. అతనికి కొన్ని గ్రామములపై వంశపారంపర్యమైన హక్కు ఉండెడిది. ఆ గ్రామముల నేతగాండ్రిచ్చు ధాన్యము, వస్త్రము, ధనమే అతని జీవనము. నేతగాండ్రు భివండికి, షోలాపురమునకు, సూరతునకు తరలిపోగా హక్కు కాగితముగా మిగిలినది. ఇచ్చు చేతులు దూరమైనవి. కథకుని కుమారుడు వేరు పని వెదకికొనుటలో వింత లేదు.

ఇట్టి నష్టము ఇతర దేశములకును తప్పలేదు. ఇంగ్లండు నైరుతి కొసనగల కార్న్‌వాల్‌లో మధ్యయుగమున కార్నిష్ భాషలో మతనాటకములు వెలసినవి. ‘ఆర్డినాలియా’ అను మూడు నాటకముల సంపుటి మూడు దినములు ప్రదర్శించుటకు రచింపబడినది. 18వ శతాబ్ది ముగియునాటికి ఆ భాష నిత్యవ్యవహారమునుండి తొలగెను. 1904లో హెన్రీ జెన్నర్ ప్రకటించిన పాఠ్యగ్రంథముతో దాని పునరుద్ధరణము మొదలయ్యెను. ఆ పిమ్మట ఒక శతాబ్దమునకు, 2004లో, సెయింట్ జస్ట్ పట్టణవాసులు ఆ మూడు నాటకములను తమ ఊరి ప్రాచీన వర్తుల రంగస్థలముననే ప్రదర్శించిరి. అయినను ప్రదర్శనమునకు ప్రధానముగా ఆంగ్లమునే ఆశ్రయింపవలసివచ్చెను. కథ తిరిగి వచ్చినంత సులభముగా భాష తిరిగి రాదు.

ఇందుకు భిన్నమైన దృష్టాంతము తంజావూరు మండలమున కలదు. 16వ శతాబ్దమున అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును, భూములును దానమిచ్చి నెలకొల్పినదే మేలట్టూరు గ్రామమని ప్రతీతి. అచట త్యాగరాజునకు సమకాలికుడైన వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము, మార్కండేయ చరిత్రము, ఉషా పరిణయము మున్నగు తెలుగు నాటకములను రచించెను. నాయకరాజులు పోయిరి, మరాఠా ప్రభువులు పోయిరి. భాగవతమేళము నడుమ క్షీణించినను, గ్రామస్థుల పట్టుదలచేతను, 20వ శతాబ్దమున ఇ. కృష్ణయ్యరు వంటి కళాభిమానుల తోడ్పాటుచేతను తిరిగి నిలిచినది. ఆ నటులు వృత్తినటులు కారు. పలువురు దూరప్రాంతములలో ఉద్యోగములు చేయుచు, నరసింహ జయంతికి సెలవు పెట్టి ఊరు చేరుదురు. ఇంటిలో మాటలాడునది తమిళము. రంగముపై పలుకునది తెలుగు. ఆ పలుకును పెద్దలు పిల్లలకు నేర్పుచుందురు. పాత్రధారణమును వారు దైవసేవగా భావింతురు.

ఈ మూడు ఉదాహరణములనుండి కిమ్ తెలుగువారు గ్రహింపదగినది చందాల వినియోగమును గూర్చినది. సాధారణముగా ఉత్సవ విరాళములలో పెద్దభాగము పందిరికి, దీపములకు, పూలదండలకు, సన్మాన శాలువలకు పోవును. మరునాటికి పందిరి లేదు, నేర్చినవాడును లేడు. దానికి బదులు 100 కుటుంబములు నెలకు 20 రూపాయల చొప్పున ఇచ్చినచో సంవత్సరమునకు 24,000 రూపాయలగును. ఇది పెద్ద మొత్తము కాదు. దీనితో నూతన రంగస్థలమును కట్టజాలరు. అయినను కథకుని రైలు ఖర్చులకును, బత్తెమునకును కొంత సమకూరును. మిగిలినది పిల్లలకు తెలుగు చెప్పువానికి ఇయ్యవచ్చును. గుజరాతీ మాధ్యమమున చదువు బాలునికి యముడు పాశము విసరు బొమ్మ అర్థమగును. ఆ వేళ కథకుడు పాడు పద్యము అర్థము కాదు. కావున మొదటి రూపాయి అక్షరములకును, రెండవది కథకునికిని, మూడవది పటమునకును చెందుట న్యాయము.

విరాళము అడుగువాడు లెక్క చూపుటకు జంకరాదు. ఏటేట జమాఖర్చులను సభలో పైకి చదివి వినిపించినచో 20 రూపాయలిచ్చిన నేతగాడును తాను పోషకుడనని తెలిసికొనును. పూర్వము భూమినిచ్చిన నాయకరాజునకు దక్కిన గౌరవము నేడు అతనికి దక్కును. ప్రభుత్వ కార్యాలయములలో జమాఖర్చుల క్రమము నెరిగిన ఉద్యోగులు ఇట్టి సంఘములకు చేయగల సాయము ఇచటనే కలదు: లెక్కలు వ్రాసి పెట్టుట, అర్జీలు సిద్ధపరచుట, ఆదివారము ఒక గంట అక్షరములు నేర్పుట.

మార్కండేయుడు పదునారేండ్ల ప్రాయమున మృత్యువును దాటినవాడు. అతని కథ వినవలసిన పదునారేండ్లవారు నేడు సూరతు పరిసరములలో ఉన్నారు. వారికి ఆ కథ తెలుగులో వినిపించు కంఠము ఉండగనే బత్తెము చేరవలెను.