డ్రిప్పు వేయించడంతో పని తీరదు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఇంతవరకు స్కాలర్‌షిప్పులు, పెండ్లి సహాయాలు, వైద్యం గురించే ఎక్కువగా ఆలోచించింది. మంచిదే. కాని మనలో చాలా కుటుంబాలకు పల్లెల్లో ఇంకా సేద్యం వున్నది. అందుచేత సేద్యపు నీటిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నీటికోసం రైతు పడే శ్రమను షరీయత్ లెక్కలోకి తీసుకున్నది. వానకు పండిన పంటమీద ఉష్ర్ పదోవంతు. తోడి పారించిన పంటమీద ఇరవయ్యోవంతు మాత్రమే. తోడిన నీటి విలువ అంతటిది.

ఇక మన ఉమ్మడి అనంతపురం జిల్లా సంగతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కపిలి బావులు పోయినవి, బోర్లు వచ్చినవి. 2004లో ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్ పెట్టి, కరెంటున్నంతసేపూ పారనిచ్చే అలవాటూ వచ్చింది. అంతకు ముందే, 2003లో, సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. సబ్సిడీమీద చీనీ తోటలకు, టమాటాకు డ్రిప్పు పైపులు దిగినవి.

అయినా కొన్ని పొలాల్లో ఆ పైపులు చుట్టలు చుట్టి గట్టుమీద పడివుంటాయి. చూసినవాళ్ళు "రైతుకు తెలివి లేదు" అనేస్తారు. నేనొప్పుకోను. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది సన్నటి రంధ్రాల్లో పేరుకుంటుంది. అప్పుడప్పుడు యాసిడ్ కలిపిన నీళ్ళు పంపాలి, ఫిల్టరు కడగాలి, పైపుల చివర మూతలు విప్పి మురికి వదలాలి. అమర్చిపోయినవాడు ఇవన్నీ ఒక్క పూటలో గడగడా చెప్పి వెళ్తాడు. రెండో ఏడు సగం చెట్లకు నీరందదు. ఉడుతలు, ఎలుకలు కొరికితే జాయింటు ముక్కకోసం టౌనుకు పోవాలి. విసిగిపోయి రైతు మళ్ళీ కాలువ కడతాడు. ఆయన చేసేది మరి?

కౌలుదారు బాధ వేరు. దరఖాస్తుకు పాసుపుస్తకం కావాలి, అది యజమాని దగ్గర వుంటుంది. దర్గా మాన్యాలు, వక్ఫ్ భూములు ఏటేటా వేలం పాడుకునే చోట, వచ్చే ఏడు తనది కాని చేలో పైపులు ఎవరు వేస్తారు? ఈ సంగతి ముతవల్లీలు ఆలోచించాలి.

ఇంకొకటి. డ్రిప్పుతో మిగిలిన నీటికి మరో రెండెకరాలు తడిపితే భూమిలో నీరు మిగలదు. మన జిల్లాతో సహా ఏడు జిల్లాల్లో 2010 దాకా ఒక భూగర్భజల పథకం నడిచింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, డ్రమ్ము, గడియారం పెట్టి మోటారు ఎంత పోస్తున్నదో లెక్కగట్టి, రబీకి ముందు కూర్చుని ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. పంట ఎవరిష్టం వారిదే, బలవంతం లేదు. లెక్క మాత్రం అందరి కళ్ళముందు వుండేది. ఇంజనీరు చెప్పినదానికన్నా తన చేత్తో కొలిచినది రైతు నమ్ముతాడు.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. ఊరికొక కుర్రవాడికి ఫిల్టరు, పైపుల రిపేరు నేర్పిద్దాం. జాయింట్లు, మూతలు, యాసిడ్ వాని దగ్గర వుంచుదాం. సబ్సిడీ పోగా కట్టవలసిన రైతు వాటాకు ఖర్జె హసనా ఇద్దాం, పంట వచ్చాక తీర్చుకుంటారు. నీటిమట్టం కొలిచే టేపు ఒకటి సంఘం కొనాలి. పని నేర్చుకోదలచిన పిల్లల పేర్లు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శిగారికి ఇవ్వండి.