నేల చదవడం వచ్చిన వాడికి ఫోటో తీయడం కష్టం కాదు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రకృతి దృశ్యాలు ఫోటో తీయడం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారి ఆదేశం. పది నిమిషాల్లో ఫోటోగ్రఫీ రాదు. అయితే మనవాళ్ళకు సగం పాఠం ముందే వచ్చని నా నమ్మకం.

ట్రైనింగులో ఉస్తాద్ మనల్ని మెరక మీద కూర్చోబెట్టి "జమీన్ కా బయాన్" నేర్పేవారు, గుర్తుందా? నజ్‌దీక్ కీ జమీన్, దర్మియానీ జమీన్, దూర్ కీ జమీన్. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళ ఫోటోల్లో ఈ మూడిట్లో దూరపు నేల ఒక్కటే ఉంటుంది. పాంగాంగ్ సరస్సు అవతలి కొండ, పైన ఆకాశం, అంతే. ఆ కొండ ఎంత పెద్దదో చూసేవాడికి అందదు.

లడఖ్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు, పాంగాంగ్ 4,200 మీటర్ల పైన. గాలి పలచన, తేమా దుమ్మూ తక్కువ. దూరపు కొండ పక్కనే ఉన్నట్టు కనబడుతుంది. గాలి తేటగా ఉంటే దూరం తక్కువగా తోస్తుందని మనకు అంచనా పాఠంలో చెప్పిన మాటే ఇది. మన పాపికొండల్లో అయితే గోదావరి తేమకి ఒక కొండ వెనక మరో కొండ పలచబడుతూ పోతుంది, లోతు దానంతటదే వస్తుంది. లడఖ్‌లో ఆ సాయం లేదు కాబట్టి దగ్గరి నేలను మనమే చేర్చాలి. మోకాలి మీద కూర్చోండి. నీటి అంచున రాళ్ళు కింద భాగంలో రానివ్వండి. మధ్యలో మేస్తున్న జడలబర్రె ఉంటే ఇంకా మంచిది, కొండ కొలత దాన్ని బట్టి తెలుస్తుంది. నీటిగీత సరిగ్గా నడిమధ్యన వద్దు. ఆకాశం బాగుంటే గీతను కిందికి, నేల బాగుంటే పైకి, మూడో వంతు దగ్గర పెట్టండి. గీత వంగితే సరస్సు ఒలికిపోతున్నట్టుంటుంది. ఫోన్లోనూ కెమెరాలోనూ గడుల గీతలు ఉంటాయి, వాటిని ఆన్ చేసుకోండి.

ఇక వెలుతురు సంగతి. కెమెరాలోని మీటరుకి లోకమంతా ఒకే బూడిద రంగు. మంచుకొండని చూపించినా, నల్లరేగడిలో నిలబడ్డ గేదెని చూపించినా అది బూడిద రంగుకే లెక్క కడుతుంది. అందుకే మంచు ఫోటోలు మాసిన పంచెలా వస్తాయి. మందు సులువు: తెలుపుకి కలపండి, నలుపుకి తగ్గించండి. కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తున్న బటన్‌తో మంచుకి ప్లస్ 1తో మొదలుపెట్టండి. ఫ్రేమంతా మంచే అయితే ప్లస్ 2 దాకా వెళ్ళవచ్చు. ఫోన్లో అయితే మంచు మీద వేలితో తాకి, వెలుగు గుర్తుని పైకి జరపండి.

మంచు మెరుపులో స్క్రీన్ని నమ్మకండి. హిస్టోగ్రామ్ అనే గ్రాఫు చూడండి. అది కుడి అంచుని గుద్దుకుంటే తెలుపులో వివరం పోయినట్టే, తర్వాత తిరిగి రాదు. చీకట్లో దాగిన వివరాన్ని మాత్రం చాలావరకు పైకి తీయవచ్చు. ఎఫ్/8 లేదా ఎఫ్/11, ఐఎస్ఓ 100, షట్టరు 1/125కి తగ్గకుండా పెట్టుకుంటే పగటిపూట చేత్తోనే తీయవచ్చు. శ్వాస ఆపి ట్రిగ్గర్ నొక్కినట్టే బటన్ నొక్కండి.

మిట్టమధ్యాహ్నం కొండలు చదునుగా కనబడతాయి. పొద్దు పొడిచాక గంట, పొద్దు గూకే ముందు గంట పక్క నుంచి పడే ఎండలో ప్రతి మడతా తేలుతుంది. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అదనపుది లోపలి జేబులో ఉంచండి. వెచ్చని గదిలోకి వచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే చెమ్మ లోపలికి పట్టదు.

శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1866లో గాజు పలకలు, రసాయనాలు కూలీల చేత మోయించుకుని మణిరంగ్ కనుమ ఎక్కి, 18,000 అడుగుల పైన ఫోటోలు తీశాడు. పలక తడి ఆరేలోగా పని ముగించాలి. అందుకే ముందు చూసేవాడు, తర్వాత తీసేవాడు. మనకి వంద తీసినా ఖర్చు లేదు, అయినా ఆ క్రమమే మంచిది.

చివరగా అసలు మాట. నేల చదవడం మనకే కాదు, అవతలివాడికీ వచ్చు. ఒక్క కొండల వరుసని బట్టి కూడా చోటు పట్టేయవచ్చు. దగ్గర, నడిమి, దూరం మూడూ చక్కగా కుదిరిన ఫోటో వాడికి ఇంకా తేలిక. ఫోన్లో లొకేషన్ ఆపేసినంత మాత్రాన సరిపోదు. డ్యూటీ చోట యూనిట్ ఆర్డరే శాసనం, అనుమతి లేనిచోట కెమెరా తీయవద్దు. పర్యాటకులకు తెరిచిన చోట, సెలవులో, మన ఊరి చెరువు గట్టు మీద కావలసినంత సాధన చేయండి.

ఎందుకింత శ్రమ అంటారా? "ఎలాంటి చోట ఉంటావురా?" అని అమ్మ అడిగితే మనం మైలురాయి పక్కన నిలబడ్డ ఫోటో చూపిస్తాం. అందులో మనం కనబడతాం, ఆ చోటు కనబడదు. పోస్టింగు రెండు మూడేళ్ళు. తర్వాత ఆ కొండల్ని మనమే మళ్ళీ చూడకపోవచ్చు. చూపించదగ్గ ఒక్క మంచి ఫోటో చాలు, మనం ఏ నేలని కాపాడామో ఇంట్లోవాళ్ళు కళ్ళారా చూస్తారు.

జై హింద్.