మాల్టంటే ఏందమ్మా?



మేము ఈరోజు షోనా ఆడవాళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాం. షోనా అనేది ఆఫ్రికాలో జింబాబ్వే దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాష. అంత దూరం పోవడం ఎందుకంటారా? మనం రాగులు, చోళ్ళు, తైదలు అని ఊరికో పేరుతో పిలిచే గింజ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికానే. వేల ఏళ్ళ కిందట మన నేలకు వచ్చింది. షోనాలో దాని పేరు జ్వియో. అంటే మనం రాగుల పుట్టింటి వైపు మాటలే చెప్పుకుంటున్నాం.

వాళ్ళు రాగులు, జొన్నలు, సజ్జలతో కల్లు లాంటిది ఒకటి కాస్తారు. దాని పేరు డోరో. కాచేది ఆడవాళ్ళే, దాదాపు వారం రోజుల పని. గింజలు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండిని చిమెర అంటారు. జావలో చిమెర కలిపి కాస్తే తియ్యబడుతుంది. ఇంకా పులవని ఆ తీపి దశకు మస్వుస్వు అని వేరే పేరు ఉంది. పులిసి మత్తెక్కాకే అది డోరో. వడగట్టగా మిగిలిన పిప్పి మసేసె. కాచే పెద్ద మట్టికుండ గాటె. మత్తు లేకుండా కొంచెం పులియబెట్టి పిల్లలు కూడా తాగేది మహేవు. ఇది మన పులిసిన అంబలికి అక్క అనుకోండి.

ఎందుకు కాస్తున్నారో దానికీ మాటలున్నాయి. పొలం పనికి ఇరుగుపొరుగును పిలిచి, వాళ్ళకోసం కాస్తే ఆ పిలుపు నింబె. అమ్ముకోడానికి కాస్తే న్దారి. న్దారి డబ్బులతో పిల్లల బడి ఫీజులు కట్టిన తల్లులు అక్కడ చాలామంది. పితృదేవతలకు చేసే బిరా అనే కార్యానికి మాత్రం ముట్లుడిగిన పెద్దామెలు కాయాలి.

"సారా మీద పోరాడిన ఆడోళ్ళం, మనకెందుకు ఈ కాపు ముచ్చట?" అని ఒక అక్క అడిగింది. నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతోనే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ షోనా వాళ్ళు బట్టీ పెట్టి దించే సారాను డోరో అనరు, కచాసు అంటారు. ఆ మాట పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చింది. కొంపలు కూల్చేదానికి ఒక పేరు, కడుపు నింపేదానికి ఇంకో పేరు. అన్నిటినీ ఒకే మాటతో పిలిస్తే ఆ తేడా పోతుంది.

ఇక మన సంగతి. మన సంఘాలు అమ్మే రాగి మాల్టు ప్యాకెట్ ఉంది కదా, అందులో ఉండేది చిమెరే. మా సంఘంలో పెద్దామె ప్యాకెట్ చూసి "మాల్టంటే ఏందమ్మా?" అంది. నాలుగేళ్ళుగా చేస్తున్నాం, మాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. మొలక రాగి పిండి అన్నాం. "అదా! మా అమ్మ చేసేది" అంది.

ఆమె మాట ముందే విని ఉంటే మాకు పన్నెండు కిలోలు పాడయ్యేవి కాదు. మేము కాగితంలో రాసినట్టు గంటలు లెక్కబెట్టాం. వాన రోజులు, మూట చెమ్మగా ఉంది, బూజు పట్టింది. ఆమె గడియారం చూడదు, మూట వాసన చూస్తుంది. తెల్లమొన తొంగిచూస్తే చాలు, ఎండలో పొయ్యమంటుంది. ఎక్కువ వేయిస్తే జావ తియ్యబడదు, పల్చబడదు అని కూడా ఆమే చెప్పింది. మొలకలో ఉన్న శక్తి వేడికి చచ్చిపోతుందట. పులిసింది, ముక్కింది, మురిగింది, ఈ మూడూ వేరని మా కోడళ్ళకు తెలియదు. మాకూ సగమే తెలుసు.

అందుకే వచ్చే నెల సమావేశానికి ప్రతి సంఘం ఇంట్లోని అమ్మనో అత్తనో అడిగి, వడ్డించే, నానబెట్టే, పులియబెట్టే మాటలు తీసుకు రావాలి. ఎవరి ఊరి మాట వాళ్ళదే, దిద్దొద్దు. మినిట్స్ పుస్తకం వెనక నాలుగు పేజీలు ఖాళీగా ఉంచాం. మొదటి పేజీలో ఆ పెద్దామె చెప్పినవి రాసేశాం.