అబార్షన్ తర్వాత వైద్యం మన హక్కు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అబార్షన్ హక్కు గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. అబార్షన్ అయ్యాక రక్తస్రావంతోనో జ్వరంతోనో ఆసుపత్రికి వెళ్ళిన స్త్రీకి అక్కడ ఏం జరుగుతుందో అంతగా మాట్లాడుకోలేదు. ఈ రోజు ఆ విషయమే మీ ముందు పెడుతున్నాను.

మన దేశంలో అబార్షన్ చట్టం 1971లో వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. అయినా 2015లో దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని పరిశోధకులు వేసిన అంచనాలో, ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో జరిగినవి నాలుగో వంతు కూడా లేవు. 73 శాతం బయట మాత్రలు వేసుకుని చేసుకున్నవే. మాత్రల్ని నేను తప్పుపట్టడం లేదు. సరైన వారాల్లో, సరైన మోతాదులో వేసుకుంటే అవి బాగా పనిచేస్తాయి. కానీ మందుల షాపులో ఎన్నో నెల అని అడిగేవాళ్ళు తక్కువ. ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలో చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. గర్భసంచిలో కొంత మిగిలిపోయి రక్తం ఆగకపోతే పేద స్త్రీకి దిక్కు ప్రభుత్వాసుపత్రే.

నేను కొన్నేళ్ళుగా ఇలాంటి స్త్రీలకు తోడుగా ఆసుపత్రులకు వెళ్తున్నాను. లేబర్ రూం తలుపు దగ్గర మొదట వినిపించే మాటలు ఇవి: "ఏం మింగావు? ఎవడిచ్చాడు? మొగుడేడీ?" అదీ పదిమంది వినేలా. ముగ్గురు పిల్లల తల్లి ఒకామె మూడు రోజులు రక్తం పోతున్నా, ముట్టు ఎక్కువైందని చెప్పి ఇంట్లోనే పడి ఉంది. ఎందుకమ్మా అని అడిగితే, "మా తోడికోడలిని అక్కడ తిట్టిన తిట్లు నేను విన్నానక్కా" అంది. ఆమెకు ఆసుపత్రి దారి తెలుసు, అక్కడ డబ్బు కట్టక్కర్లేదనీ తెలుసు. ఆ తిట్లకు భయపడే ఆగిపోయింది. పెళ్ళికాని పిల్ల అయితే ఈ భయం రెట్టింపు.

ఇంకొక అన్యాయం ఉంది. బిడ్డ కావాలనుకుని, కడుపు దానంతటదే పోయిన స్త్రీని కూడా ఇదే అనుమానంతో చూస్తారు. తర్వాత ఆమెను బాలింతల మధ్య మంచం మీద పడుకోబెడతారు. నిజానికి గర్భం దానంతటదే పోయినా, మాత్రతో పోయినా చేయవలసిన వైద్యం దాదాపు ఒకటే. ఏ మందు వేసుకుందో, ఎన్ని వారాలో డాక్టరుకు తెలియాలి. అది చాటుగా, మర్యాదగా అడగవచ్చు. ఎందుకు తీయించుకుందన్నది వైద్యానికి అక్కర్లేని ప్రశ్న.

చట్టం ఏమంటుందో చూద్దాం. అబార్షన్‌కు 18 ఏళ్ళు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అడిగే చట్టమేదీ లేదు. 2021 సవరణ ప్రకారం, చట్టబద్ధంగా అబార్షన్ చేయించుకున్న స్త్రీ వివరాలను బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. పెళ్ళయినదా కాదా అన్న తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తీర్పు చెప్పింది. పోలీసు లాంఛనాల పేరుతో ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వైద్యం ఆలస్యం చేయకూడదని అదే కోర్టు 1989లోనే చెప్పింది. అబార్షన్ తర్వాత వచ్చే ఇబ్బందులకు స్త్రీలందరికీ మంచి వైద్యం అందాలని 1994 కైరో జనాభా సదస్సు ప్రకటించింది. కానీ 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా, పాత శిక్షాస్మృతి లాగే, చట్టం పరిధి దాటి గర్భం తీసేసుకున్న స్త్రీని నేరస్థురాలిగానే చూస్తోంది. ఆ భయం ఉన్నంతకాలం స్త్రీలు ఆలస్యంగానే వస్తారు.

కాబట్టి మనం మన ఆసుపత్రుల్లో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. తెర చాటున, ఒంటరిగా మాట్లాడే చోటు కావాలి. నొప్పి తెలియకుండా మందు ఇవ్వాలి. గర్భసంచిని గోకి తీసే పాత పద్ధతి మానేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. మొదటి నెలల్లో గాలి పీల్చే సిరంజితో తీయడం గానీ, మాత్రలు గానీ వాడాలి. రెండు వారాల్లోనే మళ్ళీ గర్భం రావచ్చు గనుక, ఆమె ఇంటికి వెళ్ళేలోపే గర్భనిరోధక పద్ధతుల గురించి చెప్పాలి. అయితే "ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే వైద్యం" అన్న బేరం ఎక్కడ వినిపించినా ఎదిరించాలి.

ఊళ్ళలో మనం చెప్పవలసినవీ ఉన్నాయి. గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడుస్తూ రెండు గంటలు దాటినా, జ్వరం తగ్గకపోయినా, దుర్వాసన వచ్చినా, కడుపునొప్పి భరించలేకపోయినా, కళ్ళు తిరిగి పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒంటరిగా పంపకండి. మనలో ఒకరం వెంట వెళ్దాం. తలుపు దగ్గర ఎవరైనా నోరు చేసుకుంటే, ముందు రక్తం ఆపండి అని గట్టిగా అడుగుదాం.